మంచినీళ్ళిచ్చిన ఊళ్ళు

నేను యూరపు చూడలేదు. ఈ సంగతి మొదటే చెప్పివేయడం మంచిది. ఎందుకంటే ఈ వ్యాసంలో పారిసు, వియన్నా, నేపుల్సు, మ్యూనిక్కు అన్నీ వస్తాయి. చదువుతూ చదువుతూ, “కాలేజీ లెక్చరరుకు ఇన్ని దేశాలు తిరిగే స్తోమతు ఎక్కడిది?” అని మీలో ఎవరైనా అనుమానపడగలరు. ఉత్తరాన కాశీ, దక్షిణాన కన్యాకుమారి. నా దేశాటనం అంతటితో సరి. తక్కిన ప్రపంచాన్ని గుడుపల్లెలో, మా ఇంటి అరుగుమీద కూర్చునే చూశాను.

గుడుపల్లె ఎక్కడ అంటారా? బెంగుళూరులో జోలార్‌పేట వైపు పోయే ప్యాసింజరు ఎక్కి, బంగారుపేట దాటాక కునుకు తీయకుండా కూర్చోవాలి. కామసముద్రం, బిసానత్తం వెళ్ళాక ఒక చిన్న స్టేషను వస్తుంది. కాస్త కళ్ళు మూశారా, కుప్పంలో మేలుకొంటారు. చిత్తూరు జిల్లాకు ఇది ఒక మూల. ఇటు నాలుగడుగులు వేస్తే కర్ణాటకం, అటు నాలుగడుగులు వేస్తే తమిళనాడు. మా సంతలో బేరం తెలుగులో మొదలై, అరవంలో ముదిరి, కన్నడంలో తెగుతుంది. బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లో రైలు వచ్చినప్పటినుంచీ మావాళ్ళకు బతుకుతెరువుకోసం రైలెక్కడం అలవాటే. తాత కోలారు బంగారు గనికి పోయాడు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి. తండ్రి బెంగుళూరికి పోయాడు. మనుమడు జర్మనీకి పోతున్నాడు. దూరం పెరిగింది, అంతే.

మొన్న వేసవిలో, కుప్పం గంగమ్మ జాతర నాళ్ళలో, ముగ్గురు పాత విద్యార్థులు మా ఇంటికి వచ్చారు. ముగ్గురూ నా దగ్గర ఇంటర్మీడియెట్టులో తెలుగు చదివినవాళ్ళే. చదివారో, చదివినట్లు నటించారో, వాళ్ళ మార్కులు వేసిన పుణ్యాత్ములకు తెలియాలి. ఒకడు మ్యూనిక్కులో ఇంజనీరు. ఒకమ్మాయి పారిసులో చదివి అక్కడే ఉద్యోగంలో కుదిరింది. మూడోవాడికి కాలు నిలవని కంపెనీ ఉద్యోగం. ఈ వారం వియన్నా అయితే వచ్చే వారం నేపుల్సు. మా ఆవిడ పలహారం పెట్టింది. మా అమ్మ స్తంభానికి చేరగిలబడి వక్క నములుతూ కూర్చుంది. మాటల్లో మాట వచ్చి, కొత్తవాణ్ణి బాగా ఆదరించే ఊరు ఏది అన్న దగ్గర ముగ్గురికీ తగువు పడింది.

“పారిసువాళ్ళు గర్విష్ఠులని లోకమంతా అంటుంది సార్,” అంది అమ్మాయి. “మొదటి నెల నేనూ అట్లే అనుకొన్నాను. రొట్టెల అంగడికి పోయి ఇది ఎంత అని అడిగితే, అంగడామె నేనక్కడ లేనట్లే చూసేది. తరువాత ఎవరో చెప్పినారు. లోపల అడుగు పెట్టగానే ముందు ‘బోంజూర్’ అనాలంట. నమస్కారం లేకుండా బేరానికి దిగితే వాళ్ళకు మర్యాద తక్కువ. మరునాడు ఆ ఒక్క మాట అన్నాను. ఆమె నవ్వింది. గర్వం ఆమెది కాదు సార్, తప్పు నాది.”

“పారిసూ ఒక ఊరేనా?” అన్నాడు కంపెనీ అబ్బాయి. “వియన్నా చూడాలి. కాఫీ హోటల్లో ఒక్క కప్పు చెప్పి, పొద్దుగూకేదాకా పత్రికలు చదువుకొంటూ కూర్చున్నా లేవమనేవాడు ఉండడు. ఆ కాఫీ హోటళ్ళ సంప్రదాయాన్ని 2011లో వాళ్ళ దేశపు సాంస్కృతిక సంపదల పట్టీలో చేర్చుకొన్నారు. నేపుల్సులో ఇంకో వింత. ఒకాయన వచ్చి ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బిచ్చి పోతాడు. ఆ రెండోది ఎవరికో. చేతిలో కాసు లేనివాడు ఎవడైనా వచ్చి, ‘నాకోసం ఎవరైనా కాఫీ ఉంచినారా?’ అని అడిగి తాగి పోవచ్చు. ఇచ్చినవాడు తాగినవాణ్ణి చూడడు, తాగినవాడు ఇచ్చినవాణ్ణి చూడడు.”

నాకు ఆ మాట బాగా నచ్చింది. గుప్తదానం అని మనం పుస్తకాల్లో చదువుకొన్నదాన్ని ఆ ఊళ్ళో కాఫీగా తాగుతున్నారన్నమాట.

మ్యూనిక్కు అబ్బాయి మాత్రం ఏమీ అనకుండా నవ్వుతూ కూర్చున్నాడు.

తెలుగు అయ్యవారికి నోరు ఊరుకోదు గదా! నేను అందుకొన్నాను. “ఊళ్ళను ఇట్లా బేరీజు వేయడం మీతో మొదలు కాలేదర్రా. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దాదాపు నూరుమంది పరివారం. మజిలీ మజిలీకీ దిగడానికి చోటున్నదా, అంగళ్ళున్నాయా, నీళ్ళ వసతి ఎట్లా ఉంది, అన్నీ రాసి పెట్టారు. 1838లో అది కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చయింది. ఊరు చూసినవాడు ఊరి మీద తీర్పు చెప్పక మానడు.”

ఇంతసేపూ ఊరుకొన్న మా అమ్మకు ఈ ఉపన్యాసంలో ఒక్క మాట మాత్రం చెవిన పడ్డట్టుంది.

“అయన్నీ ఎందుకు నాయనా,” అంది. “దాహమేసి అడిగితే ఆ ఊళ్ళల్లో నీళ్ళిస్తారా, ఇయ్యరా? అది చెప్పండి.”

ముగ్గురూ ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. తరువాత పోటీ మళ్ళీ మొదటినుంచి మొదలయింది. ఈసారి కొలత మా అమ్మది.

“పారిసులో భోజనానికి కూర్చుంటే కుళాయి నీళ్ళు కూజాతో ఊరికే ఇస్తారు అవ్వా,” అంది అమ్మాయి. “వీధుల్లో పచ్చరంగు ఇనుప కుళాయిలుంటాయి. 1870లో శత్రువులు ఊరిని ముట్టడించి జనాన్ని మాడ్చినారు. ఆ తరువాత, 1872లో, వాలెస్ అనే ఒక ఇంగ్లీషు దొర సొంత డబ్బు పెట్టి అవి కట్టించినాడు. ఇప్పటికీ వాటికి ఆయన పేరే.”

“పుణ్యాత్ముడు,” అంది అమ్మ. “చలివేంద్రం పెట్టినాడు.”

“రోములో 1874నుంచి వీధి కుళాయిలున్నాయి. ఇప్పుడు రెండువేల అయిదువందల దాకా ఉంటాయంటారు. రేయింబవళ్ళు నీళ్ళు పడుతూనే ఉంటాయి,” అన్నాడు కంపెనీ అబ్బాయి. “వియన్నాలో కాఫీ అడిగితే పళ్ళెంలో పక్కనే గ్లాసెడు నీళ్ళు వస్తాయి, అడక్కుండానే. ఆ నీళ్ళు కొండల్లోని ఊటలనుంచి 1873లో తెచ్చుకొన్నవి.”

“బార్సిలోనా పోయినానన్నావే, అక్కడో?” అంది పారిసు అమ్మాయి కొంటెగా.

“అక్కడా ఇచ్చినారు,” అన్నాడు వాడు. “మొగం మీద! 2024 జూలైలో ఆ ఊరివాళ్ళు ఊరేగింపు తీసి, హోటళ్ళ ముందర కూర్చున్న యాత్రికుల మీద పిల్లల నీళ్ళ తుపాకులతో చల్లినారు. మేము అద్దెకుండే ఇళ్ళన్నీ మీకు బసలై పోయె, మేమెక్కడ బతికేది అని వాళ్ళ బాధ. వెనిసులో అదే ఏడు ఏప్రిల్ 25నుంచి, రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకు ఊళ్ళోకి రావడానికే అయిదు యూరోల టిక్కెట్టు పెట్టినారు.”

“జాతరకొచ్చినోళ్ళు జాతర ముగిసినాక పోవాల గదా నాయనా,” అంది అమ్మ. “పోకుంటే ఎవరికైనా విసుగే.” ఆమె తీర్పుల్లో ఇరుపక్షాలకూ చోటుంటుంది.

చివరకు మ్యూనిక్కు అబ్బాయి వంతు వచ్చింది. “మా ఊళ్ళో ఇయ్యరవ్వా,” అన్నాడు. “హోటల్లో నీళ్ళంటే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. కొన్ని చోట్ల నీళ్ళకూ బీరుకూ వెలలో పెద్ద తేడా ఉండదు.”

“ఛీ! అదేం ఊరురా!”

“అట్లనొద్దవ్వా. ఆ ఊళ్ళో తలుపు ఆలస్యంగా తెరుచుకొంటుంది. నాకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఎన్నో ఉత్తరాలు రాసినాను. జవాబొచ్చేది కాదు. నాకే అట్లా జరుగుతోందనుకొన్నాను. 2017లో అక్కడి విలేఖరులే పది నగరాల్లో దాదాపు ఇరవై వేల విచారణలు పంపి చూసినారంట. ఇల్లు కావాలనే ఉత్తరం అదే, చదువూ ఉద్యోగమూ అవే, పేరు ఒక్కటే మార్పు. పరాయి పేరున్నవాళ్ళకు పిలుపులు తక్కువొచ్చినాయి. అన్నిటికన్నా తేడా ఎక్కువ మా ఊళ్ళోనే. ఆఖరికి ఎట్లనో ఒక వాటా దొరికింది. శనివారం రాత్రి సామాను చేర్చినాను. ఆదివారం చట్టప్రకారం అంగళ్ళన్నీ మూత. ఆ సంగతి నాకు తెలీదు. ఇంట్లో గింజ లేదు. మధ్యాహ్నం పై వాటా ముసలామె వచ్చి తలుపు తట్టింది. అంతకుముందు మెట్లమీద కనబడితే పలకరించిన మనిషి కాదు. చేతిలో ఒక రొట్టె, చిన్న పొట్లంలో ఉప్పు. కొత్త ఇంట్లో దిగినవాళ్ళకు రొట్టే ఉప్పూ ఇవ్వడం వాళ్ళ ఆచారమంట, మనం పాలు పొంగించినట్లు. నా పేరు ఆమెకు ఇప్పటికీ నోరు తిరగదు. కానీ ఆ పొద్దు పేరడగలేదు, రొట్టె ఇచ్చింది.”

అందరమూ కాసేపు ఊరుకొన్నాము. ఆ ఊరుకోవడం నేను కొనసాగనిచ్చి ఉంటే ఎంత బాగుండేది! కాని నాలో ఉన్న ఉపన్యాసకుడు నిద్ర లేచాడు. “ఏమైనా చెప్పండి, మన దేశం మన దేశమే. ఉపనిషత్తు అతిథిని దేవుడన్నది. మన పల్లెల్లో నీళ్ళడిగితే మజ్జిగ ఇస్తారు. కొత్తవాణ్ణి గడప ముందు నిలబెట్టి పంపే ఇల్లు మన వైపు ఉంటుందా?” అన్నాను, చెయ్యి తిప్పుతూ.

మ్యూనిక్కు అబ్బాయి నవ్వాడు. ఎత్తిపొడుపు నవ్వు కాదు. ఏదో జ్ఞాపకం వచ్చిన నవ్వు.

“ఒక సంగతి చెప్తాను సార్. 2007లో నేను పదో తరగతి. పరీక్ష కుప్పంలో. మా పల్లె ఇక్కడికి రెండు క్రోసులు, కొండ దారి. మరునాడు మొదటి పరీక్ష, తెలుగు. పల్లెలో కరెంటు లేదు. పొద్దున రైలు తప్పిపోతుందేమోనని ముందు రాత్రే గుడుపల్లెకు వచ్చేసినాను. తొమ్మిది దాటింది. ఒక ఇంటి ముందర లైటు వెలుగుతా ఉండింది. నందివర్ధనం చెట్టు, పక్కన అరుగు. తలుపు కొట్టి, ‘అయ్యా, ఈ అరుగుమీద కూర్చుని ఈ లైటు కింద చదువుకొని, తెల్లారి రైలుకు పోతాను’ అన్నాను. ఇంటాయన మంచాయనే. ఏ ఊరన్నాడు. చెప్పినాను. ఎవరి తాలూకన్నాడు. మా నాయన పేరు చెప్పినాను. అది కాదు, ఎవరోళ్ళు అన్నాడు. అదీ చెప్పినాను. లోపల చుట్టాలుండారు అబ్బాయి, చోటు లేదు అన్నాడు. ఆయమ్మ మాత్రం స్టీలు చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, చెంబు గట్టుమీద పెట్టి, నాలుగడుగులు వేసినానో లేదో, వెనకాల లైటు ఆరిపోయింది.”

“అయ్యో నా తండ్రీ!” అంది అమ్మ. “మరి ఆ రాత్రి?”

“స్టేషనుకు పోయి లైటు కింద కూర్చున్నానవ్వా. రాత్రి డ్యూటీలో ఒక పాయింట్స్‌మన్ ఉండినాడు. జోలార్‌పేట ఆయన, అరవం తప్ప రాదు. నన్ను చూసి ఏమీ అడక్కుండా క్యారియరు మూతలో పెరుగన్నం పెట్టినాడు. వద్దంటే, ‘నువ్వు మన విరుందాళి తంబీ’ అని నవ్వినాడు. దోమలకు తన దుప్పటి ఇచ్చినాడు. తెలుగులో ఎనభై రెండు వచ్చినాయి సార్.”

“ఎవరిదిరా ఆ పాపిష్టి ఇల్లు?” అంది అమ్మ. ఆ ఏడు ఆమె మా దగ్గర లేదు. ఊళ్ళో మా అన్న ఇంట్లో ఉండేది.

“మర్చిపోయినానవ్వా,” అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

పాఠకులు ఈ పాటికి గ్రహించే ఉంటారు. ఆ నందివర్ధనం చెట్టు ఇప్పటికీ మా వాకిట్లోనే ఉంది. మేము ఆ మాటలన్నీ దాని నీడలోనే మాట్లాడుకొన్నాము. లోపల మా ఆవిడ చేతిలోని గ్లాసు కిందపడిన చప్పుడు నాకు వినిపించింది. నాకు అప్పుడు ఉద్యోగం కొత్త, కాపురం కొత్త. ఎవరో పిల్లవాడు వచ్చాడు, పంపించాను, తలుపు వేసుకొని నిద్రపోయాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అది నాకు జ్ఞాపకం రాలేదు. అదే పిల్లవాడు రెండు నెలల తరువాత మా కాలేజీలో చేరి, రెండేళ్ళు నా ఎదుట మూడో బెంచీలో కూర్చున్నాడు. నేను వాడికి అతిథి మర్యాదల గురించి ఎన్ని పద్యాలు చెప్పి ఉంటానో!

మరునాడు తెల్లవారి వాడు బెంగుళూరు రైలుకు బయలుదేరాడు. నేనూ స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద పాలక్యాన్లవాళ్ళు, మల్లెపూల బుట్టలవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు గొంతు సవరించుకొన్నాను.

“ఆ రాత్రి మా ఇంట్లో చుట్టాలెవరూ లేరు,” అన్నాను.

వాడు పట్టాల వైపు చూస్తూ, “తెలుసు సార్. వాకిట్లో రెండు జతల చెప్పులే ఉండినాయి,” అన్నాడు.

“రెండేళ్ళు నా క్లాసులో కూర్చున్నావే. ఒక్కనాడైనా అనలేదేం?”

“చెప్పుంటే మీకు పాఠం చెప్పడం కష్టమయ్యేది సార్. మీ పాఠం నాకు కావల్సి ఉండింది.”

“మరి నిన్న ఎందుకు చెప్పావు?”

“మన వైపు అట్లాంటి ఇల్లు లేదన్నారు గదా సార్. ఊరుకోలేకపోయినాను.”

“కోపం లేదా?”

కొంచెంసేపు ఆలోచించాడు. “పాయింట్స్‌మన్ అన్నం పెట్టినప్పుడు సగం పోయింది. తక్కిన సగం పోయిందో, ఉండాదో, నాకే తెలీదు సార్. మ్యూనిక్కులో ఇల్లు దొరక్క తిరిగినప్పుడు నాతోటి వాళ్ళు ఏడ్చినారు. నాకు ఏడుపు రాలేదు. ఇది తెలిసిందే గదా అనిపించింది.”

రైలు వచ్చింది. వాడు వంగి నా కాళ్ళకు మొక్కబోతే పట్టుకొని ఆపాను. ఆ నమస్కారం తీసుకొనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికి నడుస్తూ ఉంటే ఆ పాయింట్స్‌మన్ అన్న మాట వెంటవచ్చింది. విరుందాళి. అరవంలో విరుందు అంటే కొత్తదనం అనే అర్థం ఉంది, వచ్చిన కొత్తమనిషి అనే అర్థమూ ఉంది, ఆ మనిషికి పెట్టే భోజనం అనే అర్థమూ ఉంది. మన తెలుగులో విందు అనేది దానికి తోబుట్టువైన మాటే. కాని మన మాటలో భోజనం ఒక్కటే మిగిలింది. కొత్తమనిషి జారిపోయాడు. ఈ సంగతి క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను, భాషాశాస్త్రంగా. అది నా ఇంటి గడపను గురించిన సంగతి అని ఆ పొద్దే తెలిసింది.

జర్మనీలో కాంట్ అనే తత్త్వవేత్త 1795లో శాశ్వత శాంతిని గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పరాయిగడ్డ మీద అడుగు పెట్టినవాణ్ణి శత్రువుగా చూడకపోవడం దయాధర్మం కాదు, అది వాడి హక్కు అన్నాడు. ఆయన తన కోనిగ్స్‌బెర్గు ప్రాంతం విడిచి దూరదేశాలు తిరిగినవాడు కాదు. నావంటి అరుగు యాత్రికుడే. అయితే ఆయన అరుగుమీద కూర్చుని లోకానికి నియమం రాశాడు. నేను అరుగుమీద లైటు ఆర్పాను.

ఊళ్ళకు మార్కులు వేసే యాత్రికులను నేనిప్పుడు తప్పు పట్టను. వేయవలసిందే. కాని ఊరు ఎక్కడుంటుంది? కుళాయి దగ్గరా, కోటగోడ దగ్గరా కాదు. రాత్రి తొమ్మిది దాటాక తలుపు తీసిన మనిషి దగ్గర ఉంటుంది. మ్యూనిక్కు అంటే ఆ అబ్బాయికి జవాబివ్వని ఇళ్ళవాళ్ళూ, రొట్టె తెచ్చిన ముసలామే. గుడుపల్లె అంటే నేనూ, ఆ జోలార్‌పేట పాయింట్స్‌మనూ. ఒకే రాత్రి, ఒకే ఊరు, రెండు తీర్పులు.

ఆ తరువాత వచ్చిన మార్చిలో, పరీక్షల రోజుల్లో, మా అరుగుమీద లైటు రాత్రంతా ఉంచాము. పక్కన ఒక కడవ, మూత మీద గ్లాసు. ఇదేదో గొప్ప పని అని చెప్పడం లేదు. కరెంటు బిల్లులో పెద్ద తేడా కూడా రాలేదు. మొదటి మూడు రాత్రులు పురుగులు తప్ప ఎవరూ రాలేదు. నాలుగో రాత్రి ఒక పిల్లవాడు సంచీ భుజాన వేసుకొని వాకిట్లో నిలబడ్డాడు. “సార్, ఇక్కడ కూర్చుని చదువుకోవచ్చునంట, నిజమేనా?” అన్నాడు.

“కూర్చో నాయనా,” అన్నాను. అక్కడితో ఆగి ఉండాలి. నలభై ఏడేళ్ళ నాలుక ఆగుతుందా? “ఏ ఊరు? ఎవరో...” అని సగం దాకా వచ్చేసింది. లోపల మా ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పిల్లవాడు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ ప్రశ్న వాడికీ అలవాటేనని ఆ మొగం చూస్తే తెలుస్తూనే ఉంది.

“ఎవరో... ఎవరో ఒకరు వస్తారనే లైటు ఉంచాము,” అన్నాను తడబడుతూ. “ముందు అన్నం తిన్నావా, లేదా? అది చెప్పు.”